విమానవాహక నౌకకు తగిన విమానమేది?

సముద్రపు కెరటము కానరాని నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములవారమగు మనకు నౌకాదళపు విమానములతో నేమి పనియని విద్యార్థు లడుగవచ్చును. 2025వ సంవత్సరము ఏప్రిల్ 28వ తేదీని మన ప్రభుత్వము 26 రఫేల్ మెరైన్ విమానములకై ఫ్రాన్సు దేశముతో నొడంబడిక చేసికొన్నది. వాని వెల యించుమించు 63,000 కోట్ల రూపాయలు. ఆ ధనములో మన రైతుల యొక్కయు, కూలీల యొక్కయు పాలు గలదు. కావున నీ విషయమును విచారించుట మన విధియే.

దీనిని గూర్చి వాదించువారు రెండు పక్షములుగా చీలుదురు. విదేశపు విమానమే మేలని యొకరు, స్వదేశపుదే కావలెనని యొకరు. విమాన మెవరిదని యడుగుటకు ముందు, అది యే యోడపై నిలువవలసినదో చూడవలెనని మా యభిప్రాయము. ఆళ్లగడ్డ శిల్పి మొదట రాతిని తట్టి చూచి, అది తాను తలచిన మూర్తికి తగునని తెలిసికొనిన పిదపనే ఉలి పట్టును గదా!

మన విక్రాంత్, విక్రమాదిత్య నౌకలపై విమానమును విసరి పంపు యంత్రము లేదు. విమానము తన బలముచేతనే పరుగెత్తి, పైకి వంగిన ముందుకొననుండి యెగురవలెను. ఆయుధములును, ఇంధనమును హెచ్చినకొలది ఎగురుట కష్టమగును. దిగునపుడు తోకక్రింది కొక్కెము డెక్కుమీది యినుపత్రాటిని పట్టుకొనవలెను. ఆ తాకిడిని విమానము ప్రతిసారియు నోర్వవలెను.

2004, 2010 సంవత్సరముల యొడంబడికలచేత మనము రష్యానుండి 45 మిగ్-29కె విమానములను గొంటిమి. వాని 65 ఇంజనులలో 40 లోపములచేత తొలగింపబడినవని 2016లో ఆడిటరు జనరలు తెలిపిరి. ఓడ సముద్రమున నుండగా విమానము మరమ్మతు శాలలో నున్నచో నావికునికి రక్ష యెవరు?

స్వదేశపు తేజస్ భారమెక్కువయని నౌకాదళము 2016లో దానిని వలదన్నది. అయినను 2020 జనవరి 11వ తేదీని అది విక్రమాదిత్యపై దిగినది. ఆ శ్రమ వ్యర్థము కాలేదు; రెండు ఇంజనుల క్రొత్త విమానమును రచించుటకు అదియే పునాది. 2022లో రఫేలును, అమెరికావారి సూపర్ హార్నెట్టును గోవాలోని యొడ్డుమీద నిర్మించిన వంపుబాటపై పరీక్షించిరి. రఫేల్ నెగ్గినది. కాని దాని రెక్కలు ముడుచుకొనవు. ఓడలో చోటు నెక్కువగా గోరును.

కాగితముపై గీసిన చిత్రము శత్రువు నాపజాలదు గనుక నేడు కొనుట యుక్తమే. అయితే కొనుటతో మన పని తీరినదని తలపరాదు. రాబోవు నౌకయు, దాని విమానమును ఒకే బల్లయొద్ద, ఒకే కొలతలతో రచింపబడవలెను. విద్యార్థులారా! ఇట్టి చర్చలకు వచ్చునపుడు నినాదములను గాక, బరువులను, కొలతలను, వెలలను గైకొని రండు. ఆ లెక్క తప్పినచో మొదట మూల్యము చెల్లించువాడు సముద్రముపై నెగురు మన యువకుడే.