రేటు పెంచితే ఖజానా నిండుతుందా?

ప్రభుత్వానికి డబ్బు కటకట వచ్చినప్పుడల్లా పన్నుల మాట పైకి వస్తుంది. పాలకపక్షం తప్పదంటుంది, ప్రతిపక్షం ప్రజలపై భారమంటుంది. కుర్చీలు మారితే మాటలూ మారతాయి. ఈ వాదోపవాదాలలో సరుకు కొని అమ్మే వర్తకుని అనుభవానికి చోటు దొరకడం అరుదు.

కష్టకాలానికని వేసిన పన్ను కష్టం తీరాక పోదు. మద్య నిషేధం వల్ల తగ్గిన ఆబ్కారీ రాబడిని పూడ్చుకోవడానికి మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ ప్రభుత్వం 1939లో అమ్మకం పన్ను తెచ్చింది. కోస్తా, రాయలసీమ వర్తకులకు ఆ పన్ను అప్పటి నుంచే తెలుసు. ఆంధ్రలో అది 2005లో వ్యాట్‌గా, 2017లో జి.ఎస్.టి.గా రూపు మార్చుకుంది తప్ప తొలగలేదు.

పన్ను అసలే వద్దని ఎవరూ అనరు. రోడ్లు, గోదాములు, రైతుకు మద్దతు ధర అన్నీ ఖజానా నుంచే రావాలి. ప్రశ్న రేటు గురించే. 1973-74లో ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు సర్‌ఛార్జితో కలిపి 97.75 శాతం. అధిక రేట్లే ఎగవేతకు ముఖ్య కారణమని వాంఛూ కమిటీ 1971లోనే చెప్పింది. 1985 బడ్జెట్ ఆ రేటును 50 శాతానికి దించింది. ఆ తర్వాతి సంవత్సరాలలో వసూళ్లు తగ్గకపోగా పెరిగాయి.

బంగారం సంగతి మరీ స్పష్టం. 2012 జనవరిలో 2 శాతం ఉన్న దిగుమతి సుంకాన్ని విదేశీ చెల్లింపుల లోటు పేరిట 2013 ఆగస్టు నాటికి 10 శాతం చేశారు. లోటు తగ్గిన మాట నిజమే. కాని దొంగ బంగారం విమానాశ్రయాల గుండా ప్రవహించింది. బిల్లు రాసే నగల వర్తకుడు బిల్లు లేని వాని ధరకు నిలవలేకపోయాడు. 2022 జూలైలో సుంకం మళ్లీ 15 శాతం వరకు పోయింది. 2024 జూలైలో 6 శాతానికి దించినప్పుడు పాత ధరకు నిల్వలు కొన్నవారికి ఒక్క రోజులో నష్టం వచ్చింది.

బియ్యం మార్కెట్‌లో జరిగింది ఇంకో తమాషా. 2022 జూలై 18 నుంచి ముద్రించిన ప్యాకింగులో 25 కిలోల వరకు ఉన్న బియ్యానికి 5 శాతం జి.ఎస్.టి. వేశారు. వెంటనే 26 కిలోల బస్తాలు బజారులోకి వచ్చాయి. చట్టం మీరినవారు లేరు, ఖజానాకు చేరవలసినది చేరనూ లేదు. భారమంతా 5, 10 కిలోలు కొనుక్కునే వారి మీద పడింది.

వంట నూనెలది వేరే కథ. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి పెంచడం నూనెగింజల రైతును ఆదుకోవడానికి. అశ్వారావుపేట, పశ్చిమ గోదావరి ఆయిల్‌పామ్ రైతుకు గెల ధర ముడి నూనె ధరను బట్టే వస్తుంది కనుక మేలు జరిగింది. అయితే 2025 మే నెలాఖరున దానినే 16.5 శాతానికి తగ్గించారు. తొమ్మిది నెలలు తిరగకముందే రైతు లెక్కా తప్పింది, ఓడ దారిలో ఉండగా సరుకు బేరమాడిన దిగుమతిదారు లెక్కా తప్పింది. సుంకం ఉండడం కన్నా అది ఎప్పుడు మారుతుందో తెలియకపోవడమే వ్యాపారానికి చేటు.

కాబట్టి శాసనసభలో, పార్లమెంటులో అడగవలసిన ప్రశ్నలు వేరు. పెంచిన రేటు ఎంత కాలం ఉంటుంది? ఉన్న రేటుకే రావలసిన పన్ను ఎంత జారిపోతున్నది? దానిని పట్టుకునే పని మాని నిజాయితీగా కట్టేవానినే మళ్లీ పిండడం ఏ న్యాయం?

వర్తక సోదరులకూ ఒక మాట. చీటీ మీద అమ్మకం, బిల్లు లేని లోడు సాగినంత కాలం రేటు తగ్గించండని ఢిల్లీకి వెళ్లి అడిగే నోరు మనకు ఉండదు. పక్క దుకాణంవాడు ఎగవేసిన పన్నే రేపు పెరిగిన రేటుగా మన ఖాతాలో పడుతుంది. దీనిని వ్యాపార సంఘాలు తమ సమావేశాలలో చర్చించడానికి సంకోచించనక్కరలేదు.