మెప్పు వాయనము కాదు

శ్రావణమాసపు నోములలో మనము వాయన మిచ్చునప్పుడు "ఇస్తినమ్మ వాయనము" అని యొకరును, "పుచ్చుకొంటినమ్మ వాయనము" అని వేఱొకరును అనుట వాడుక. నానిన శనగలు, తాంబూలము, పసుపు కుంకుమలు నేడు మన చేతినుండి పొరుగింటి చేతికి పోయి, వచ్చు మంగళవారము తిరిగి మన చేతికే వచ్చినను ఎవరికిని నష్టము లేదు. స్నేహము పెరుగును, నోము నెఱవేఱును. అయితే మాటను గూడ నిట్లే వాయనముగా ఇచ్చిపుచ్చుకొనవచ్చునా? అందును, ఒక పుస్తకము చదువదగినదా కాదా యని మూడవవారికి చెప్పెడు మాటను? ఈ మాసము మన గోష్ఠిలో ఈ సంగతిని విచారింపదలచితిమి.

మేము నివసించు రాయదుర్గమునకు 2019 నవంబరు నుండి మెట్రో రైలు వచ్చుచున్నది. ఉదయమున ఆ రైలు దిగి కంప్యూటరు కార్యాలయములకు నడచు యువతుల చేతులలో పుస్తకము కానరాదు గనుక, ఈ కాలపు స్త్రీలు చదువుట మానిరని పెద్దలు నిట్టూర్చుచుందురు. అది పూర్తిగ నిజము కాదు. వారిలో చాలమంది చేతిలోని ఫోనులోనే ధారావాహిక నవలలు చదువుచున్నారు. చదువుటయే కాదు, వ్రాయువారును గలరు. 2014లో బెంగుళూరున నారంభమైన ప్రతిలిపి యందు తెలుగును, మఱికొన్ని భారతీయ భాషలును గలవు. అందు ఎవరైనను కథ వ్రాసి ఆ క్షణముననే ప్రకటింపవచ్చును. సంపాదకుని యనుమతి కొఱకు నెలల తరబడి వేచియుండ నక్కఱలేదు. అచ్చుకూలికై నగలు కుదువబెట్ట నక్కఱలేదు. చదివినవారు ఐదింటికి ఇన్ని యని నక్షత్రము లిచ్చి, క్రింద నాలుగు మాటలు వ్రాయుదురు.

ఇట్లు వెలువడు రచనలలో నేడు ఫాంటసీ యని పిలువబడు అద్భుత కథలును గలవు. ఇవి మన భాషకు క్రొత్తవి కావు. పదునాఱవ శతాబ్దమున పింగళి సూరన కళాపూర్ణోదయమున చేసిన కల్పనను మించిన వింత నేటివఱకును అరుదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలను మన అమ్మమ్మలు వంతులు వేసికొని చదివిరి. 1947 జూలైలో పుట్టిన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యముగారి 'తోకచుక్క' మొదలగు ధారావాహికలకై పిల్లలే కాదు, తల్లులును ఎదురుచూచిరి. అయితే పత్రికలో వచ్చిన కథకును, నేటి స్వతంత్ర రచయిత్రి కథకును ఒక పెద్ద భేదమున్నది. పత్రికాకథను అచ్చునకు పంపుటకు ముందు సంపాదకుడు చదువును. సాగిన చోట కత్తిరించును, పొసగని చోట తిప్పి పంపును. నేటి స్వతంత్ర రచనకు అట్టి జల్లెడ లేదు. ఆ జల్లెడ పనిని, చదివినవారు వ్రాయు అభిప్రాయములే చేయవలసి వచ్చినది. అవి వట్టి మర్యాద మాటలైనచో, బియ్యములో రాళ్లు ఏఱువా రెవరును లేనట్లే.

ఆ అభిప్రాయములు వ్రాయువా రెవరు? చాలవఱకు తోటి రచయిత్రులే. ఇందు ఆశ్చర్యము లేదు. పేరు లేని రచన గుఱించి వార్తాపత్రికలు వ్రాయవు. ఇంటివారికి తీఱిక యుండదు. వ్రాయుటలోని కష్టము తెలిసినది వ్రాయువారికే గనుక, ఒకరి కొకరు చేయూత నిచ్చుకొందురు. అంతవఱకు అది మెచ్చదగినదే. చిక్కు ఎచ్చట వచ్చుననగా, "నీ కథకు నే నైదు నక్షత్రము లిచ్చితిని, నా కథ మాట యేమి?" అన్న లెక్క మొదలైన నాడు. ఒంటెల పెండ్లిలో గాడిదలు పాడిన కథ సంస్కృతమున ప్రసిద్ధము. ఆ పెండ్లిలో ఒంటెలు గాడిదల గాత్రమును, గాడిదలు ఒంటెల యందమును పొగడుకొన్నవట. ఆ మెప్పులచే ఒంటెకు గాని గాడిదకు గాని ఒరిగిన దేమియు లేదు. పెండ్లికి వచ్చిన చుట్టములు మాత్రము చెవులు మూసికొని యుందురు. ఆ చుట్టములే చదువరులు.

మా యెఱుకలో నొక సోదరి గలదు. పగలు కార్యాలయమునందును, సాయంకాలము వంటయింటి యందును పని ముగించి, బిడ్డ నిద్రించిన తరువాత ఒక మాయాద్వీపపు కథను వ్రాయుచున్నది. ముప్పది భాగములు వెలువడినవి. ప్రతి భాగము క్రిందను "అద్భుతము", "చాల బాగున్నది", "తరువాతి భాగ మెప్పుడు?" అని మాలలు మాలలుగా మెప్పులు. ఆ వ్రాసినవారిలో పలువురు ఆమె వంటి రచయిత్రులే. ఆ మెప్పుల బదులు తీర్చుటకు ఆమెయు ప్రతిరాత్రి గంట సేపు వారి కథల క్రింద నట్లే వ్రాయవలెను. ఆ కథలను పూర్తిగ చదువుటకు పొద్దు చాలదని తానే చెప్పినది. ఇంతలో నెవరో తెలియని చదువరి యొకామె, "ఏడవ భాగమున మరణించిన మంత్రిణి పండ్రెండవ భాగమున నెట్లు మాటలాడుచున్నది?" అని అడిగినది. అన్ని మెప్పులలో నొక్కరును ఈ సంగతి చెప్పలేదు. ఎందుచేత? చదువలేదు గనుక, లేక, చదివియు చెప్పిన నొచ్చుకొనునని యూరకుండిరి గనుక. ఆ రాత్రి ఆ సోదరి కన్నీరు పెట్టుకొన్నది, ఆ ప్రశ్నకు గాదు, ఆ మెప్పులకు. మంచి శక్తి గల చేయి యొకటి, ఎదుగదగిన యేండ్లను ఇట్లు నక్షత్రముల చెల్లుబాకీలలో గడపుట మాకు చిన్న విషయముగ దోచుట లేదు.

అట్లని తోటి రచయితల మాట యంతయు త్రోసిపుచ్చదగిన దనము. 1950లో పుస్తకముగ వెలువడిన శ్రీశ్రీ మహాప్రస్థానమునకు చలముగారు వ్రాసిన యోగ్యతాపత్రము స్నేహితుడు స్నేహితునికి వ్రాసినదే. అయినను ఆ పీఠిక నేటికిని తన బలముచేతనే నిలిచి యున్నది. మఱియొక దృష్టాంతము చూడుడు. కట్టమంచి రామలింగారెడ్డిగారి కవిత్వతత్త్వ విచారము 1914లో అచ్చయినది. అందు వారు సూరన కావ్యముల గుణములను మెచ్చిరి, దోషములను దాచలేదు. మూడు శతాబ్దములకు ముందు గతించిన సూరన తిరిగి వచ్చి రెడ్డిగారి కావ్యమునకు మెప్పు వ్రాసి యిచ్చువాడు కాడు గదా! బదులు ఆశింపని విమర్శకు అట్టి తేట యుండును.

పరదేశములలో ఈ చిక్కు మనకంటె ముందుగనే ముదిరినది. 2012లో అమెజాను సంస్థ తన యంగడిలో రచయితలు ఒకరి పుస్తకమునకొకరు వ్రాసికొన్న అభిప్రాయములను పెక్కింటిని తొలగించినది. రచయిత యింటివారును, దగ్గఱి స్నేహితులును ఆ పుస్తకమును గుఱించి వ్రాయరాదని దాని నియమము. నిజముగ చదివి నిష్పక్షముగ వ్రాసిన కొందఱి మాటలును ఆ యూడ్పులో కొట్టుకొనిపోయిన వని అప్పట్లో గొడవ జరిగినది. మెప్పు వర్తకమువలె ద్వేషపు వర్తకమును గలదు. 2023 డిసెంబరులో అమెరికాలో ఒక నూతన ఫాంటసీ రచయిత, పుస్తకము ఇంకను వెలువడక మునుపే, గుడ్‌రీడ్స్ అను వేదికపై మారుపేర్లతో తోటి రచయితల పుస్తకములకు ఒక్కొక్క నక్షత్రమును, తన పుస్తకమునకు మెప్పులను వ్రాసికొనినట్లు బయటపడినది. ప్రచురణకర్తలు ఆ పుస్తకమును మానుకొనిరి. ఒకరి దీపము ఆర్పినంత మాత్రమున మన దీపము పెరుగదు.

ఇందుకు మందు కనుగొన్నవారును గలరు. మార్క్ లారెన్స్ అను ఫాంటసీ రచయిత 2015లో స్వతంత్ర ప్రచురణల కొక పోటీ నేర్పఱచెను. మూడు వందల నవలలు, పది సమీక్షక బృందములు. ఒక్కొక్క బృందమునకు ముప్పది నవలలు. వానిలో నుండి ఒక్కొక్కటి యేఱగా పది మిగులును. ఆ పదింటిని అన్ని బృందములును చదివి మార్కులు వేయుదురు. ప్రవేశమునకు రుసుము లేదు, గెలిచినవారికి ధనమును లేదు. రచయిత ఎవరి చేతిలో పడునో తాను నిర్ణయించుకొనలేడు గనుక, ఇచ్చిపుచ్చుకొనుట కవకాశము తక్కువ. 2016లో జోసయ్య బాన్‌క్రాఫ్ట్ అను నతడు తాను స్వయముగ ప్రకటించుకొన్న 'సెన్లిన్ అసెండ్స్' నవలను పంపగా అది తుది పదింటిలోనికి రాలేదు. అయినను దానిని గుఱించిన మంచిమాట విని లారెన్స్ స్వయముగ చదివి నలుగురికి చెప్పెను. 2018లో నొక పెద్ద ప్రచురణసంస్థ దానిని అచ్చువేసినది. ఇదియు తోటి రచయిత మెప్పే. కాని దానికి బదులు లేదు, బాకీ లేదు.

మన దేశమున కూడ 2022 నవంబరులో భారతీయ ప్రమాణముల సంస్థ ఐ.ఎస్. 19000 అను ప్రమాణమును వెలువరించినది. అంతర్జాలములో వస్తువులను గుఱించి అభిప్రాయములను సేకరించి ప్రకటించువారు, వ్రాసినవారు నిజమైనవారేనా యని చూడవలెననియు, కొనుగోలు చేయబడిన మెప్పులకు చోటీయరాదనియు దాని సారము. చీర కొనునప్పుడును, కుక్కరు కొనునప్పుడును ముందుగ నలుగురి మాట చదువు మనకు ఇందలి యవసరము వేఱుగ చెప్ప నక్కఱలేదు. కాని శాసనములు దొంగను పట్టగలవేమో గాని, మొగమోటమును పట్టలేవు. ఆ పని మనమే చేసికొనవలెను.

చదువరి స్వయముగ చదివి పలుకుట యెంత గొప్ప పనియో తెలుపు సంగతి మన సాహిత్యముననే యున్నది. పదునెనిమిదవ శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని వ్రాసిన రాధికాసాంత్వనమును కందుకూరి వీరేశలింగము పంతులుగారంతటివారు తీవ్రముగ నిందించిరి. అంత పెద్దవారు చెప్పిన తరువాత ఇక చదువనేల యని పలువు రూరకుండిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు మాత్రము ఆ కావ్యమును తెప్పించి తామే చదివి, దాని సొగసును గ్రహించి, పూర్తి పాఠమును సంపాదించి 1910లో అచ్చువేయించిరి. ప్రభుత్వము నిషేధించినను ఆమె తీర్పే కడకు నిలిచినది. ఆమెకు ముద్దుపళని నుండి రావలసిన వాయన మేదియు లేదు. కావ్యము నచ్చినది, నచ్చినదని చెప్పినది, అంతే.

కాబట్టి సోదరీమణులారా, మా మనవి రెండు విధములు. వ్రాయు సోదరీ! నీ స్నేహితురాలి కథను మెచ్చదలచినచో, ఆమె నీ స్నేహితురాలని మొదటి పంక్తిలోనే చెప్పుము. ఎంతవఱకు చదివితివో చెప్పుము. ఒక గుణమును, ఒక లోపమును, అవి యే భాగముననున్నవో చూపి వ్రాయుము. అక్షరదోషముల వంటి చిన్నవానిని చాటుగ తెలుపుము. కథ నడకను గుఱించిన పెద్ద మాటను అందఱి యెదుట మర్యాదగ చెప్పుము. నీకు మెప్పు వ్రాసినదన్న కారణముచే ఎవరికిని బదులు మెప్పు వ్రాయకుము. ఆమె కథ చదువుము, అదియే సరియైన బదులు.

చదువు సోదరీ! నక్షత్రములను లెక్కింపకుము. ఐదు నక్షత్రములవారి మాటకంటెను, ఒక్క నక్షత్రమువారి మాటకంటెను ముందు మూడు నక్షత్ర మిచ్చినవారి మాటను చదువుము. కారణము తఱచుగ నచ్చటనే దొరకును. చదివి యూరకుండకుము. మనము మౌనముగ నుండుటచేతనే రచయిత్రులు ఒకరి నొకరు పొగడుకొనవలసి వచ్చినది. కూర రుచి చూచి ఉప్పు చాలలేదని చెప్పగల నాలుకకు, కథ రుచి చెప్పుట అసాధ్యము కాదు. వ్యాకరణ మక్కఱలేదు, అలంకారశాస్త్ర మక్కఱలేదు. ఎచ్చట మనసు నిలిచినదో, ఎచ్చట ఆవులింత వచ్చినదో, రెండు వాక్యములు చాలును.

ఈ మాసమున మీలో నొక్కొక్కరు, మీ రెఱుగని యొక రచయిత్రి యద్భుత కథ నొకదానిని తుదివఱకు చదివి, అట్టి రెండు వాక్యములు వ్రాయవలెనని కోరుచున్నాము. ఆమె మీకు బదులీయలేదు, ఈయ నక్కఱయును లేదు. మఱునాటి రాత్రి ఆమె వ్రాయుటకు కూర్చుండినప్పుడు, తన కథను నిజముగ చదివినవా రొకరు గలరని తెలిసి కూర్చుండును.