ఆస్పత్రి ఖర్చు ఎవరిది?



“మిషను ఆస్పత్రి మన సంఘానిదే గదా, మరి మనకు బిల్లు ఎందుకు వేస్తున్నారు?” ఇది గ్రామ సంఘాలలో తరచుగా వినబడే ప్రశ్న. అడగడంలో తప్పు లేదు. అయితే ఇటువంటి ఆస్పత్రులు ఎవరెవరి చేతుల మీదుగా నిలబడ్డాయో తెలిస్తే జవాబు సులభమవుతుంది.

నిజామాబాదు జిల్లాలోని డిచ్‌పల్లి సంగతే చూడండి. స్కాట్లండుకు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్ గారు, ఆమె భర్త జార్జి కెర్ గారు 1907లో మెథడిస్టు మిషను పక్షాన హైదరాబాదు సంస్థానానికి వచ్చారు. కుష్ఠు సోకినవారిని ఊరి వెలుపలికి నెట్టివేసే రోజులవి. 1911లో ఆ దంపతులు నిజామాబాదులో వారికొరకు ఒక కేంద్రం తెరిచారు. తరువాత డిచ్‌పల్లిలో పెద్ద ఆస్పత్రి కట్టడానికి భారీ విరాళమిచ్చినది రాజా నర్సాగౌడ్ గారు. ఆయన హిందువు. 1915లో ఆస్పత్రి ప్రారంభమైంది. వైద్యం చేసినది మిషను, డబ్బిచ్చినది అన్యమతస్థుడు. కాబట్టి “మన ఆస్పత్రి” అనేటప్పుడు ఆ “మన”లో ఎవరెవరున్నారో జ్ఞాపకముంచుకోవాలి.

ఆ తరువాత ప్రభుత్వమూ చేయి కలిపింది. 1983లో జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం మొదలైంది. నేడు ఆరు నెలలు గాని, పన్నెండు నెలలు గాని వాడవలసిన మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తున్నారు. స్పర్శ లేని మచ్చ కనబడితే ఆశా కార్యకర్త అక్కడికి పంపుతుంది. మానని పుండ్లకు, వంకరపోయిన వేళ్లకు శస్త్రచికిత్స కావలసివస్తే అనుభవమున్న కుష్ఠు ఆస్పత్రులు ఆదుకుంటాయి. ఒకరు చేయలేనిది మరొకరు చేయడమే సహకారం.

ఇప్పుడు డబ్బు సంగతికి వద్దాం. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో దానికి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అని పేరు. పథకంలో చేరిన ఆస్పత్రి ముందుగా అనుమతి తీసుకొని చికిత్స చేస్తుంది, రోగి ఇంటికి వెళ్లాక లెక్క పంపుతుంది. ఒక్కొక్క చికిత్సకు ప్రభుత్వం కట్టిన ధర ఉంటుంది. ఆ సొమ్ము వచ్చేవరకు నర్సుల జీతాలు, మందుల షాపు బాకీ, కరెంటు బిల్లు ఆగవు. బకాయిలు రాలేదని ప్రైవేటు ఆస్పత్రులు ఈ సేవలు నిలిపివేసిన సందర్భాలు రెండు రాష్ట్రాలలోనూ చూశాము. పెద్ద ఆస్పత్రి అప్పు తెచ్చి నెట్టుకొస్తుంది. పల్లె పక్కనున్న చిన్న ఆస్పత్రి ఏమి చేస్తుంది? మొదట డాక్టరు వెళ్లిపోతాడు, తరువాత ఆపరేషన్ గది మూతపడుతుంది, చివరకు కాన్పు కోసం మన బిడ్డలను అర్ధరాత్రి జిల్లా కేంద్రానికి తరలించవలసి వస్తుంది.

మంచి సమరయుని ఉపమానంలో ఒక చిన్న విషయం మనం గమనించకుండా దాటిపోతాము. అతడు గాయములు కట్టి ఊరుకోలేదు. పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చాడు, మిగిలిన ఖర్చు తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. జాలి ఒక్కటే చాలదు, చూచుకొనేవానికి చెల్లించవలసినది చెల్లించాలని ఆయన చేసి చూపించాడు.

కనుక సంఘములు మూడు పనులు చేయవచ్చును. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు రేషను కార్డు, ఆధార్ కార్డు వెంట తీసుకువెళ్లండి. అర్హత ఉంటే పథకాన్ని వాడుకోండి, అది మీ హక్కు. పథకం వర్తించని చోట, ఇవ్వగలిగినవారు పాస్టరుగారి ఉత్తరంతో బిల్లు తగ్గించమని అడుగవద్దు. ఆ తగ్గింపు నిజంగా చేతిలో పైసా లేని కూలివానికి దక్కనివ్వండి. మూడవది, కోతకాలపు కానుకలలో ఒక భాగము ఆస్పత్రిలోని పేదల నిధికి పంపండి, పంపినవారు ఏటా ఆడిటు లెక్క చూపమని మర్యాదగా అడగండి. లెక్క అడగడం అవిశ్వాసం కాదు. లెక్క చూపే ఆస్పత్రికి దాతలు ధైర్యంగా ఇస్తారు, ప్రభుత్వము గౌరవంగా వింటుంది.

బిల్లు ఎందుకు అని అడిగిన సహోదరునికి ఇదే జవాబు. మనం చెల్లించే ఆ కొద్ది రూపాయలతోనే పక్క మంచం మీద ఉన్న పేదవానికి మందు వస్తుంది.