అబ్బా పులి మొహం

అబ్బా చహెల్లుం అయిపోయాక ఆయన ట్రంకుపెట్టె తెరిచాం. అడుగున పాత లుంగీలో చుట్టిన పులి మొహం. మొహర్రంలో పీర్ల ముందు అబ్బా కట్టిన పులివేషానిది. "తగలబెడదాం భాయ్. ఇంట్లో ఉంటే గునా" అన్నాడు తమ్ముడు.

వాడి మాట తీసిపారేసేది కాదు. సజ్దా అల్లాకు తప్ప ఎవరికీ లేదు. అందులో మాకు ఝగడా లేదు. కానీ దాచుకోవడం వేరు, మొక్కడం వేరు.

బెల్జియంలో జేమ్స్ ఎన్సర్ (1860-1949) అని ఒక ముసవ్విర్ ఉండేవాడు. ఓస్టెండ్ ఊళ్లో వాళ్లవాళ్ల దుకాణంలో కార్నివాల్ ముసుగులు అమ్మేవారు. అవి చూస్తూ పెరిగాడు. 1897లో ఆయన గీసిన ఒక తస్వీరులో రంగురంగుల ముసుగుల నడుమ పుర్రె మొహంతో మౌత్ నిలబడి ఉంటుంది. ఫోన్లో ఆ బొమ్మ చూసినప్పుడు నాకు తట్టింది ఇదే: ముసుగుకు మౌత్ లేదు, తొడుక్కున్నవాడికే ఉంది.

అబ్బాకు రెండు ముసుగులుండేవి. ఒకటి ఏడాది పొడుగునా వేసుకున్నది. వాన రాక శెనక్కాయ చేను ఎండినా అప్పులాయన ముందు నవ్వే మొహం. అనంతపురం పల్లెల్లో ఆ మొహం తెలియని ఇల్లుందా? రెండోది ఈ పులిది. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీరు దగ్గరికి హిందువులూ ముస్లిములూ కలిసి వస్తారు. అక్కడికీ ఏటా వెళ్లేవాడు. పంట మొత్తం పోయిన ఏడు, మా ఊరి అలావా చుట్టూ ఆడి వచ్చి మొహం తీస్తే లోపలంతా తడి. చెమట అన్నాడు. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

హిజ్రీ 61లో, అంటే 680లో, కర్బలాలో నీళ్లు దొరకక షహీదులైన వాళ్ల కోసం ఏడ్చాడో, మా కోసం ఏడ్చాడో నేనడగలేదు. మగవాడు పదిమందిలో ఏడవడానికి కరువు సీమలో ఇంకో చోటు ఎక్కడుంది? పులి మొహం ఆయన్ని దాచలేదు. రోజూ దాచిన మొహాన్ని బయటికి రానిచ్చింది.

"రేపు పిల్లలు దీనికి దండం పెడితే?" అన్నాడు తమ్ముడు. ఆ డర్ నాకూ ఉంది. అందుకే ఖురాన్ షరీఫ్ ఉండే తాక్‌లో కాదు, నా పుస్తకాల బీరువాలో పెట్టాను. ఊదొత్తులు లేవు, ఫాతెహా లేదు. పిల్లలు అడిగితే ఒకటే చెప్తా: ఇది మీ దాదా ఏడ్చిన మొహం. ఆయన మగ్ఫిరత్ కోసం దువా చేయండి.