ముల్లు కావాలి మహాప్రభో!

కార్ల కంపెనీలవారికీ, వారిని వెనకేసుకొచ్చే పెద్దమనుషులకూ నాదొక ఫిర్యాదు. ఈమధ్య వస్తున్న చిన్న కార్లు చాలావాటిలో ఇంజను వేడి చూపే ముల్లు మాయమైంది. తలుపు సరిగ్గా పడకపోతే బండి చెబుతుంది. బెల్టు పెట్టుకోకపోతే గోల చేస్తుంది. మోగుతున్న పాట పేరు కూడా రాసి చూపిస్తుంది. కడుపులో మంట ఎంతుందమ్మా అంటే మాత్రం మౌనం! చల్లగా ఉంటే నీలం దీపం, మాడిపోబోతుంటే ఎర్ర దీపం. ఆ నడుమ జరిగేదంతా మనకు అనవసరమట!

పిల్లవాడికి జ్వరం 99 ఉందో 103 ఉందో చూడను, ఫిట్సు వచ్చాక కబురు చేస్తాను అనే నర్సును మీరు ఇంట్లో పెట్టుకుంటారా? ఎర్ర దీపం ఆ నర్సే. వేడి హద్దు దాటాక గానీ వెలగదు. ఇల్లు కాలాక బావి తవ్వడమంటే ఇదే.

మాది నల్లగొండ. మాకిది వేళాకోళం కాదు. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ మాకు కొత్త కాదు. ఆ ఎండలో శ్రీశైలం బయలుదేరారనుకోండి. డిండి దాటి, మన్ననూరు మీదుగా నల్లమలలో పడి, డ్యాము దాకా దిగి, మళ్ళీ కొండెక్కాలి. బండినిండా జనం, డిక్కీనిండా సామాను, లోపల ఏసీ. ముల్లుంటే 90 దగ్గరున్నది 98కి, 104కి పాకడం కళ్ళారా చూస్తాం. ఏసీ కట్టేస్తాం, చెట్టునీడన కాసేపు ఆపుతాం. ముల్లు లేకపోతే? ఎర్ర దీపం, పొగలు, వంగిన సిలిండర్ హెడ్డు. సెల్‌ఫోను సిగ్నలు కూడా అందని చోట, రాత్రిళ్ళు రాకపోకలు ఆపేసే పులుల అడవిలో, చంటిపిల్లలతో నిలబడ్డవాడికి ఏ కంపెనీ జవాబు చెబుతుంది?

"ముల్లు కదిలితే జనం భయపడతారండీ" అంటారు. అందుకేనేమో, ముల్లున్న కార్లలో కూడా చాలావాటికి, వేడి పది డిగ్రీలు అటూ ఇటూ అయినా ముల్లు నడిమధ్యనే బాసింపట్టు వేసుక్కూచునేలా అమర్చారు. భయపడాల్సిన చోట భయపడనివ్వరేం?

"కంపెనీ ఇవ్వనిది మనకెందుకు?" అనేవారు ఇంకొందరు. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టీ కారుకూ వేడి మీటరు లేదు. అమెరికావాళ్ళు ఊరుకున్నారా? 1910ల్లోనే బాయిస్ మోటోమీటర్ అనే థర్మామీటరు కొనుక్కొచ్చి రేడియేటరు మూతమీద బిగించుకున్నారు. సీట్లో కూచునే చూసుకునేవారు. వందేళ్ళ కిందట వాళ్ళకు తోచినది మనకు తోచకూడదా?

ఇహ మన మెకానిక్కులు. బండి వేడెక్కుతోందంటే థర్మోస్టాటు పీకి పారేసి "ఇగ ఏం గాదు సార్, నడుస్తది" అంటారు. నడుస్తది సరే, ఎంత వేడితో నడుస్తదన్నా?

మీటరంటూ బిగిస్తే సరిగ్గా బిగించాలి. కంపెనీ సెన్సరు తీగను గిల్లి కలపకూడదు. ఇంజను కంప్యూటరు దాన్నే నమ్ముకుని ఉంటుంది. మీటరుతో వచ్చే సెన్సరునే వాడాలి. రేడియేటరు పైపు మధ్యలో లోహపు ముక్క వేసి అందులో బిగిస్తారు. రబ్బరు పైపు కరెంటు పారనివ్వదు కనుక ఆ ముక్కకు వేరే ఎర్తు తీగ ఇవ్వాలి. సప్లయి ఇగ్నిషన్ నుంచి, మధ్యలో ఫ్యూజు. బిగించేముందు సెన్సరును మరిగే నీళ్ళలో ముంచి చూడండి. మనది ఎత్తు ప్రాంతం. 98, 99 చూపితే నిజమే చెప్పినట్టు. వారంటీ పోతుందని బెంగా? అయితే పైపు కోయకండి. ఈమధ్యి కార్లలో పరీక్షకోసం పెట్టిన ఓబీడీ సాకెట్టు ఉంటుంది. దానికి తగిలించే చిన్న మీటరు అంకె చెబుతుంది. ఒక్క జాగ్రత్త: నీళ్ళన్నీ కారిపోతే సెన్సరు గాలిలో ఉండి అబద్ధం చెబుతుంది. ఎక్కువలో ఉన్న ముల్లు ఉన్నట్టుండి పడిపోయినా బండి ఆపాల్సిందే. వేడిమీద మూత మాత్రం తియ్యకండి.

కొలత విలువ మా జిల్లాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. తేటగా కనిపించే నీళ్ళే తాగి తరాలపాటు జనం ఎముకలు వంగిపోయాయి. ఫ్లోరైడు కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. లీటరుకెన్ని మిల్లీగ్రాములో కొలిస్తేనే బయటపడుతుంది. పటిక, సున్నం వేసి దాన్ని తగ్గించే పద్ధతికి నాగపూరు నీరీ సంస్థవారు 'నల్లగొండ టెక్నిక్' అని మా ఊరి పేరే పెట్టారు. మనిషిని యంత్రంతో పోల్చడం లేదు. కొలవకుండా "ఏం కాదు" అనే మాట ఎంత ఖరీదైనదో చెబుతున్నాను. అన్నట్టు, ఆ ఉప్పు బోరునీళ్ళే రేడియేటరులో పోస్తే లోపల గార కట్టి వేడి ఇంకా పెరుగుతుంది. కూలెంటు పోయండి.

డబ్బిచ్చి కొన్నది మనం, మాడితే బాగు చేయించేదీ మనమే. అంకె చూసుకునే హక్కు మనకు లేదా? మళ్ళీ ముల్లు పెట్టమని కంపెనీలను అడుగుదాం. పెట్టేదాకా మన ముల్లు మనమే బిగించుకుందాం, అదీ ఎండలు ముదరకముందే.