అసర్ తర్వాతి గంట ఎటు పోయింది?

"మా వాడు ఆటలు పూర్తిగా మానేశాడు మౌల్వీ సాబ్, ఇక చదువే చదువు" అని సంతోషంగా చెప్పే తల్లిదండ్రులు అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో చాలామందే ఉన్నారు. తండ్రి కువైట్‌లోనో ఖతర్‌లోనో ఎండలో కష్టపడి పంపిన సొమ్ముతో పిల్లవాణ్ణి హాస్టలున్న ఇంటర్ కాలేజీలో చేర్పిస్తారు. తెల్లవారుజాము నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లే. చాలా చోట్ల వరండా తప్ప మైదానం ఉండదు. ఆ రెండేళ్ళు కుర్చీలోంచి లేవకుండా ఉంటేనే సీటు వస్తుందన్న నమ్మకం మనలో పాతుకుపోయింది. ఈ నమ్మకం తప్పు. చదువు పేరుతో మనం కోసేస్తున్నది చదువుకు ఊతమిచ్చే కొమ్మనే.

జర్మనీలోని మ్యున్‌స్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ఒక పరిశీలన ప్రకటించారు. అమెరికాలో హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్టు అనే పెద్ద పథకం కింద పరీక్షించిన 1,206 మంది యువతీ యువకుల వివరాలను వారు తీసుకున్నారు. వీరు పేరున్న క్రీడాకారులు కారు, మామూలు ఆరోగ్యవంతులు. రెండు నిమిషాలలో ఎంత దూరం వేగంగా నడవగలరో కొలిచారు. జ్ఞాపకశక్తికి, ఆలోచనా శక్తికి పరీక్షలు పెట్టారు. ఎమ్మారై యంత్రంతో మెదడును చూశారు. ఎక్కువ దూరం నడవగలిగినవారు బుద్ధి పరీక్షలలోనూ మెరుగ్గా ఉన్నారు. వారి మెదడులోని తెల్ల పదార్థం కూడా మరింత పటిష్ఠంగా కనిపించింది.

తెల్ల పదార్థమంటే మెదడులోని ఒక భాగం నుంచి మరో భాగానికి కబురు మోసే నరాల తీగల కట్ట. వాటి చుట్టూ కొవ్వుతో కూడిన పొర ఉంటుంది. కోనసీమవాసులకు దీన్ని కాలువలతో పోల్చి చెబితే చాలు. ధవళేశ్వరంలో నీళ్ళు నిండుగా ఉన్నంత మాత్రాన శివారు పొలం తడవదు. కాలువ పూడిక లేకుండా, గట్టు గండిపడకుండా ఉండాలి. పిల్లవాడి తలలోకి ఎంత పాఠం ఎక్కించామన్నదే మనం చూస్తున్నాం. ఆ పాఠం పరీక్ష హాలులో అవసరమైన చోటికి అందే దారి ఎలా ఉందో చూడడం లేదు.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ పరిశీలన సంబంధాన్ని చూపింది గాని, నడిస్తేనే తెలివి పెరిగిందని రుజువు చేయలేదు. మంచి తిండి, మంచి ఇల్లు ఉన్నవారికి రెండూ ఉండవచ్చు కదా అని అడగవచ్చు. ఈ సందేహానికి కొంత జవాబు స్వీడన్‌లో దొరుకుతుంది. అక్కడ 1950-1976 మధ్య పుట్టి, సైనిక శిక్షణకు పరీక్షలు రాసిన 12 లక్షల మందికి పైగా యువకుల వివరాలు 2009లో వెలువడ్డాయి. వయసు 18, అంటే దాదాపు మన ఇంటర్ పిల్లల వయసే. సైకిలు తొక్కించి కొలిచిన గుండె, ఊపిరితిత్తుల సత్తువ బాగున్నవారికి బుద్ధి పరీక్షలోనూ మంచి మార్కులు వచ్చాయి. కండబలంతో మాత్రం అంత సంబంధం కనిపించలేదు. అన్నదమ్ములను, కవలలను పోల్చి చూసినా ఇదంతా వంశపారంపర్యం అని తేలలేదు. జిమ్ముకు వెళ్ళి చేతులు ఉబ్బించుకునే కుర్రాళ్ళు ఇది గమనించాలి! కావలసింది గుండె వేగంగా కొట్టుకునే నడక, పరుగు, ఈత, సైకిలు.

మన పెద్దలకు ఈ యంత్రాలేవీ లేవు. అయినా మదర్సాలలో అసర్ నమాజు తర్వాత మగ్రిబ్ వరకు కితాబులు మూసి, పిల్లలను మైదానానికి వదిలే ఆనవాయితీ ఉంది. రోజంతా హిఫ్జ్ చేసే పిల్లలకే ఆ గంట అవసరమనుకున్నారు. తాలూత్‌ను రాజుగా ఎన్నుకున్న సందర్భంలో ఖుర్ఆన్ ఆయన జ్ఞానాన్నీ, దేహబలాన్నీ జంటగానే ప్రస్తావించింది. ఇంగ్లీషు మీడియం కాలేజీలలో ఆ గంటకు చోటు లేకుండా పోయింది. స్కూళ్ళలోనూ డ్రిల్లు పీరియడు లెక్కల మాస్టారి చేతిలోకి పోతోంది. హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ వృత్తిరీత్యా బడిపంతులు. 1962 జకార్తా ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టుకు స్వర్ణం తెచ్చిన శిక్షకుడు ఆయనే. పంతులుకు మైదానం పరాయి చోటు కాదు.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. బడికి ఆటోలో వెళ్ళి ఆటోలో రావడం, ఆ తర్వాత నాలుగు గోడలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2019లో ప్రకటించిన లెక్క ప్రకారం 11-17 ఏళ్ళ అమ్మాయిలలో 85 శాతం, అబ్బాయిలలో 78 శాతం మందికి చాలినంత శరీరశ్రమ లేదు. పర్దాకు, వ్యాయామానికి వైరం ఎందుకు పెడుతున్నామో నాకు అర్థం కాదు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేసిన ఉదంతం అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్‌లో ప్రపంచ విజేత అయింది. అందరూ బాక్సింగ్ నేర్వనక్కరలేదు. పెరట్లో తాడాట, టెన్నికాయిట్, అమ్మీతో కలిసి ఫజ్ర్ తర్వాత కాలువ గట్టు మీద చురుకైన నడక ఉన్నా చాలు.

పదిహేడేళ్ళ లోపు పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అసర్ నుంచి మగ్రిబ్ వరకు ఉన్న సమయం ఇంచుమించు దానికి సరిపోతుంది. ఇంట్లో ఉన్న పిల్లలకు ఆ సమయం రేపటి నుంచే తిరిగి ఇవ్వవచ్చు. మస్జిదు కమిటీలు ఈద్గా మైదానాన్ని సాయంత్రం వేళ తెరిస్తే ఇంకా మేలు. హాస్టల్లో చేర్పించేవారు మాత్రం ఫీజు కట్టే ముందు ఒకసారి సాయంత్రం ఐదింటికి వెళ్ళి చూడండి. ఎంత ర్యాంకు తెప్పిస్తారని అడిగినట్టే, పిల్లలు ఏ వేళ ఎక్కడ ఆడతారో కూడా అడగండి. పదిమంది తండ్రులు ఒకే ప్రశ్న వేస్తే యాజమాన్యం కూడా ఆలోచించక తప్పదు.