తీరిక ఎవరిది?

గత డిసెంబరులో ఒక సాయంత్రం మన కళాశాల క్యాంటీను ముందు నలుగురైదుగురం మిత్రులం చాయ్ తాగుతూ చలికాలాన్ని పొగుడుతున్నాం. స్వెట్టరు వేసుకునే యోగం మన హైదరాబాదు వాళ్ళకు ఏడాదికి నెలన్నరే అని ఒకడు వాపోయాడు. యింకొకడు మిరపకాయ బజ్జీల మీద చిన్న ప్రసంగం చేశాడు. నా వంతు వచ్చేసరికి నేను కొంచెం కవిత్వం కలిపాను.

"సంక్రాంతి సెలవులకు మా వూరు పోవాలె. రాత్రి దుప్పటి కప్పుకుని లావుపాటి నవల ఒకటి పట్టుకోవాలె. వంటింట్లకెల్లి సకినాలు గోలుతున్న వాసన రావాలె. పక్కన పళ్ళెంలో నాలుగు సకినాలు వచ్చి పడాలె. స్వర్గమంటే అదే."

మాతో వున్న సహాధ్యాయిని ఒకామె తల పక్కకు వంచి అడిగింది: "నాలుగు సకినాలు వచ్చి పడాలె అన్నవు గదా, వాటికి కాళ్ళున్నయా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గదికి చేరినాక మాత్రం నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్నకు ఆలస్యంగా రాస్తున్న జవాబే యీ వ్యాసం.

మాది కోహెడ. సిద్దిపేట వైపు మండల కేంద్రమైన కోహెడ వేరు, మాది ఇబ్రహీంపట్నం ప్రాంతపు కోహెడ. విజయవాడ రోడ్డుకూ సాగర్ రోడ్డుకూ నడుమ, ఔటర్ రింగు రోడ్డు పక్కన వుంటుంది. 2020 వేసవిలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టును తాత్కాలికంగా మా దగ్గరికి తెచ్చినప్పుడు, గాలివానకు షెడ్లు కూలినప్పుడు, మా వూరి పేరు పేపర్ల కెక్కింది. అంతకు మించి మేం ప్రసిద్ధులం కాము. పట్నం మా వాకిట్లోకి వచ్చేసింది గాని చలి మాత్రం యింకా పల్లెటూరి చలే. బండరాళ్ళు, ఖాళీ ప్లాట్లు, మిగిలిన పొలాలు, వీటి మీదుగా వచ్చే గాలికి జనవరిలో కొన్ని రాత్రులు పది డిగ్రీల కిందికి దిగుతుంది. ఆ రాత్రుల్లోనే మా యింట్లో సకినాల పని వుంటుంది.

సకినం తినేవాడికి నాలుగు చుట్ల వస్తువు. చేసేవాళ్ళకు రెండు రోజుల పని. ముందు రోజు రాత్రి బియ్యం నానబోయాలి. తెల్లవారి వడగట్టి, తడి ఆరీ ఆరకుండా గిర్నీకి మోసుకుపోవాలి. పండుగ ముందు గిర్నీ దగ్గర గిన్నెల వరస, బడిలో ప్రార్థనకు నిలబెట్టిన పిల్లల వరస లాగుంటుంది. తడిపిండి నిలవ వుండదు, పులుస్తుంది. కనుక పట్టించిన రోజే పని ముగించాలి. నువ్వులు, వాము, ఉప్పు వేసి నీళ్ళతో పిసుకుతారు. ఆ నీళ్ళ లెక్కలోనే వుంది విద్యంతా. పిండి గట్టిగా వుంటే తీగె తెగుతుంది, పలచనైతే చుట్టు చుట్టుకు అంటుకుపోతుంది. పిండిని గుప్పిట్లో పట్టి వేళ్ళ మధ్య మెలిదిప్పుతూ, నేల మీద పరిచిన తెల్లబట్ట మీదికి గుండ్రంగా దింపాలి. చెయ్యి నడుస్తూనే వుండాలి, ఆగితే తీగె తెగింది. బట్ట తడి పీల్చుకున్నాక ఒక్కొక్కదాన్నీ విరగకుండా లేపి నూనెలో వేయాలి. తడి మిగిలితే పేలుతుంది, చెయ్యి కాలుతుంది. మా అమ్మ ముంజేతి మీద వరసగా మూడు మచ్చలున్నాయి. చిన్నప్పుడు అవి పుట్టుమచ్చలనుకున్నాను.

యింత పని ఒక్కరితో కాదు. అందుకే యిరుగుపొరుగు ఆడవాళ్ళను పిలుచుకుంటారు. యివాళ మా యింట్లో అయితే రేపు చిన్నమ్మ యింట్లో, ఎల్లుండి ఎదురింటి వదిన వాళ్ళింట్లో. నేల మీద గొంతుక్కూర్చున్న ఆరేడుగురు ఆడవాళ్ళు, చుట్టూ తెల్లని చక్రాలు. మేం మొగవాళ్ళం ఏం చేస్తాం? నాయిన అరుగు మీద నెగడు వేసుకుని దోస్తులతో ముచ్చట పెడతాడు. నేను దుప్పట్లో నవల చదువుతాను. నాలుగు సకినాలు వచ్చి పడతాయి.

చెల్లె కూడా ఆ తెల్లబట్ట పక్కనే కూర్చునేది. తను ఇంటర్‌లో చేరిన సంవత్సరం నాకు బాగా గుర్తు. సంక్రాంతి సెలవులు, ఆ తర్వాత మార్చిలో పరీక్షలు. నా పరీక్షలప్పుడు యిల్లంతా గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళు. చెల్లె వంతు వచ్చేసరికి మూడు రాత్రులు మూడు యిళ్ళల్లో సకినాలు. నాలుగో రోజు అరిసెల పాకం. ఫిజిక్సు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పొయ్యి పక్కనే కునుకు తీయడం నేను చూశాను. చూసి, పేజీ తిప్పుకున్నాను. నా నవలలో. ఆ యేడు తను ఫిజిక్సులో తప్పింది. శ్రద్ధ లేదని అందరం అన్నాం. అన్నవాళ్ళలో నేను ముందున్నాను, పైగా చదువుకున్నవాడిని కనుక నా మాటకు విలువ యెక్కువ.

యీ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. తర్వాత ఎం.ఏ. సోషియాలజీలో, మన గ్రంథాలయపు బీరువా ముందు తట్టింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నర్సాపురం లేసు అల్లే స్త్రీల మీద రాసిన పుస్తకం ఒకటుంది, 1982లో వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు గోదావరి డెల్టాలో నేర్పిన అల్లిక అది. యిళ్ళల్లో కూర్చుని కొక్కెపు సూదితో స్త్రీలు అల్లిన లేసు ప్రపంచమంతా అమ్ముడుపోయింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మీస్ గమనించిందేమిటంటే, రోజులో గంటల తరబడి సాగే ఆ పనిని వ్యాపారులు గాని యింట్లో మగవాళ్ళు గాని పనిగా లెక్కపెట్టలేదు. యింటి పట్టున వుండే ఆడవాళ్ళు తీరిక వేళల్లో అల్లుకుంటున్నారు అన్నారు. తీరిక అన్న ఆ ఒక్క మాట వల్లనే పొలం కూలికి వచ్చే డబ్బు కూడా ఆ అల్లికకు రాలేదు.

ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా యింట్లో సకినాలు అమ్మరు, ఎగుమతి చేయరు. కాని మాట అదే. "మీ అమ్మకు పిండివంటలు చేయడమంటే యిష్టం." "ఆడవాళ్ళకు కాలక్షేపం." మనకు కాలక్షేపం అయినదే వాళ్ళకూ కాలక్షేపమని మనమే నిర్ణయిస్తాం.

అంత దూరం పోనక్కరలేదు. మా వూరికి దగ్గరలోనే పోచంపల్లి వుంది. అక్కడి చీరను మన సహాధ్యాయినులు వార్షికోత్సవానికి కట్టుకుని వస్తారు. ఆ చీర మగ్గం మీదికి ఎక్కకముందు ఆసు పోయాలి. ఒక మేకు నుంచి ఎదురుగా అర్ధచంద్రాకారంలో వున్న మేకుల మీదికి దారాన్ని తిప్పుతూ పోవడం అన్నమాట. ఒక్క చీరకు చెయ్యి సుమారు తొమ్మిది వేలసార్లు అటూ యిటూ తిరగాలి. మామూలుగా అది ఆడవాళ్ళ పని. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే యువకుడు తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక యేళ్ళ తరబడి తంటాలు పడి, 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బడి మధ్యలో మానేసినవాడు తల్లి పనిని పనిగా చూడగలిగాడు. పి.జి. దాకా వచ్చిన నేను దుప్పట్లోంచి వాసన పీల్చాను.

మిత్రులు కొందరు దీనికి సులువైన పరిష్కారం చెబుతారు: "యింట్లో ఎందుకురా, స్వగృహ దుకాణంలో కిలో కొనుక్కుంటే సరిపోయె." నాకు యిది సమ్మతం కాదు. ఆ దుకాణం వెనక గదిలో చుట్టేదీ ఎవరో ఒక అమ్మే. అదీగాక, ఆ రాత్రిని రద్దు చేసే హక్కు నాకెక్కడిది? యీ మాట అమ్మతోనే అన్నాను. అమ్మకు కోపం వచ్చింది.

"యేందిరా, సకినాలు బంద్ జేస్తే నన్ను సుఖపెట్టినట్టా? నలుగురం కలిసేదే గప్పుడు. వాళ్ళ కష్టం నేను యింట, నా కష్టం వాళ్ళు యింటరు. నడుం నొస్తది, నిజమే. గని దుకాణపుది తెచ్చి పండుగంటవా?"

నా సిద్ధాంతం అక్కడ సగం కూలింది. పనిలో శ్రమా వుంది, ఆనందమూ వుంది. ఆనందం వుంది గదా అని శ్రమను మరిచిపోవడం నా పాత తప్పు. శ్రమ వుంది గదా అని ఆనందాన్ని తీసేయబోవడం నా కొత్త తప్పు. మిగిలిన దారి ఒక్కటే, నేను పోయి అక్కడ కూర్చోవడం.

మొన్న జనవరిలో కూర్చున్నాను. ఎదురింటి వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మొగపిల్లగానికి గీ పనేందే?" అని చిన్నమ్మ అమ్మనడిగింది. "సోషాలజీ సదువుతుండట" అన్నది అమ్మ, యేదో జబ్బు పేరు చెప్పినట్టు. నా మొదటి సకినం ప్రశ్నార్థకం గుర్తులా వచ్చింది. రెండోది మధ్యలో తెగింది. పదోదానికి గాని చుట్టు చుట్టులా రాలేదు, అప్పటికి నా తొడలు తిమ్మిరెక్కి లేవలేకపోయాను. అమ్మ ముప్ఫయ్యేళ్ళుగా యిలా కూర్చుంటున్నది.

ఒక మనిషి యెక్కువైనందుకు ఒక మనిషికి తెరిపి దొరికింది. చెల్లె గోడకానుకుని గంటసేపు తన పుస్తకం చదువుకున్నది. యిప్పుడు తను డిగ్రీ. ఆ ఫిజిక్సు సప్లిమెంటరీలో గట్టెక్కింది, నా సహాయమేమీ లేకుండానే. తర్వాత తనంతట తనే నా సంచిలోంచి కథల పుస్తకం తీసి పైకి చదవడం మొదలుపెట్టింది. గదిలో మాటలు తగ్గాయి. ఒకచోట ఆపితే చిన్నమ్మ పిండిచెయ్యి గాల్లోనే వుంచి, "ఆపకే, గా పిల్ల యేమైంది మరి?" అన్నది.

యిక్కడ ఒక మాట చెప్పాలి. మన ప్రాంతంలో పుస్తకం ఒకప్పుడు ఉద్యమమే. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభ జరిగినప్పుడు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ కూడా జరిగింది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పుణ్యమా అని మనం కట్టే యింటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాలకు పోతాయి. అమ్మ కూడా ఆ పైసలు కడుతున్నట్టే. కాని గ్రంథాలయం తలుపులు తెరిచి వుండే వేళ ఆమెకు పొయ్యి దగ్గర పని. ఆమెకు తెరిపి దొరికే వేళకు అక్కడ తాళం. ఏడో తరగతి చదివిన మా అమ్మకు చదవడమంటే యిష్టమని నాకు తెలిసింది యీ జనవరిలోనే. సకినాల నూనె పీల్చడానికి పళ్ళెంలో పరిచిన పాత పేపరును ఆమె ఒక పక్క వాయి దించుతూ, యింకో పక్క వొంగి చదువుతున్నది. నూనె మరకలో అక్షరాలు వెనక పేజీవి కూడా పైకి తేలి కలగలిసిపోతాయి గదా, వాటిని విడదీసి మరీ చదువుతున్నది.

మన సంచిక ప్రతి యేడూ చలి మీద, వెన్నెల మీద కవితలు వేస్తుంది. వేయనీయండి. నా వంటి మగ విద్యార్థులకు మాత్రం ఒక విన్నపం. వచ్చే సెలవుల్లో నవల తీసుకునే పోండి, కాని దాన్ని వంటింటి గడప దాటించండి. చెల్లెలి చేతిలో పెట్టి, ఆమె చేతిలోని పిండి మీరందుకోండి. అమ్మ కళ్ళజోడు యెక్కడుందో కనుక్కోండి. మా యింట్లో అది బియ్యం డబ్బా మీద వుంటుంది, నాకు యీ మధ్యే తెలిసింది. అధ్యాపకులు కూడా యీ మాట విననట్టు వుండకుంటే మంచిది. ప్రీఫైనల్ పరీక్షలు పండుగ వెంటనే పెట్టేటప్పుడు, ఆ పండుగ వంట తరగతిలో ఎవరి నడుం మీదుగా జరిగి వస్తుందో తలచుకోవచ్చు.

తిరిగి హాస్టలుకు బయలుదేరిన రోజు అమ్మ రెండు డబ్బాలు కట్టింది. పెద్దదాంట్లో అందరివీ. చిన్నదాంట్లో నేను చుట్టినవి, వంకరవి, విరిగినవి. "గివి మాత్రం నువ్వే తినుకో, ఎవలకు పెట్టకు, యిజ్జత్ పోతది" అన్నది. దారిలో మూత వూడకుండా చెల్లె చిన్న డబ్బాకు పేపరు చుట్టి దారం కట్టింది. అమ్మ చూసి, దారం విప్పి, పేపరు తీసి మడతపెట్టి వేరే కాగితం చుట్టింది.

"గది నేనింక సదవలే."